నాన్నగారి సంతకం కుదరడం లేదు, ఆశ్రమం ఎవరు నడపాలి?

ప్రశ్న: నమస్కారమండీ. మాది కాకినాడ దగ్గర ఒక ఊరు. మా నాన్నగారు 2004లో ఇంట్లోవాళ్లూ స్నేహితులూ కలిపి ఏడుగురితో సొసైటీ రిజిస్టర్ చేయించి చిన్న వృద్ధాశ్రమం పెట్టారు. ఇప్పుడు ఇరవై ఆరుగురు పెద్దవాళ్లు ఉంటున్నారు. మొదటినుంచీ నాన్నగారే అధ్యక్షులు. రెండు నెలల క్రితం ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట ముద్దగా వస్తోంది, కానీ అందరినీ గుర్తుపడతారు, చెప్పింది అర్థమవుతుంది, తల ఊపుతారు. బ్యాంకులో ఆయనా, కార్యదర్శిగారూ ఇద్దరూ సంతకం పెట్టాలి. ఎడమచేత్తో పెట్టిన సంతకం సరిపోలేదని మూడు చెక్కులు వెనక్కి పంపారు. పోయిన నెల ఆయాల జీతాలు నా డబ్బుతోనే ఇచ్చాను. పదకొండేళ్లుగా ఆశ్రమం పనంతా నేనే చూసుకుంటున్నా, నెలకి కొంత జీతం తీసుకుంటున్నా. అన్నయ్య డాలస్‌లో ఉంటాడు. కొడుకు ఉండగా కూతురు అధ్యక్షురాలేంటి అని బాబాయి అంటున్నారు. నాన్నగారి దగ్గర పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుంటే చాలని కార్యదర్శిగారు అంటున్నారు. ఏడుగురిలో ఇప్పుడు మిగిలింది నాన్నగారు, అమ్మ, బాబాయి, కార్యదర్శిగారు. అమ్మ ఉపాధ్యక్షురాలే గానీ ఒక్క మీటింగుకీ వచ్చి ఎరగదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చెయ్యమంటారు?
ఒక పాఠకురాలు, కాకినాడ జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఒక పని ఆపేయండి. నాన్నగారి చేత చెక్కుల మీద సంతకం పెట్టించడం ఇవాళ్టితో మానెయ్యండి. ఆయన చెయ్యి పట్టుకుని ఇంకొకరు పెట్టించడం, ఆయన సంతకంలాగా మీరో కార్యదర్శిగారో పెట్టేయడం అసలే వద్దు. ఇరవై ఆరుగురి అన్నం కోసమే కదా అనిపిస్తుంది, మీ మనసు నాకు తెలుసు, కానీ చట్టం దృష్టిలో అది దొంగ సంతకమే అవుతుంది. రేపు ఎవరికైనా మీ మీద కోపం వస్తే మొట్టమొదట బయటికి తీసేది ఆ చెక్కునే. మీరు సొంతంగా ఇచ్చిన జీతాల డబ్బుని మాత్రం ఆశ్రమం పద్దుల్లో మీ దగ్గర తీసుకున్న అప్పుగా రాయించి, ఆయాల చేత రసీదుల మీద సంతకాలు తీసుకోండి. ప్రేమతో ఇచ్చారు, సరే, పుస్తకంలోకి ఎక్కకపోతే అది మీకు తిరిగిరాదు.

ఇక మీ ఉత్తరంలో మీరే చెప్పి మీరే గమనించని సంగతి ఒకటుంది. ఏడుగురిలో మిగిలిన నలుగురి పేర్లూ రాశారు. అందులో మీ పేరు లేదు. మీ అన్నయ్య పేరూ లేదు. అంటే కొడుకా కూతురా అని మీ ఇంట్లో జరుగుతున్న వాదనంతా సభ్యత్వమే లేని ఇద్దరి గురించి జరుగుతోంది! పదకొండేళ్లుగా మీరు చేసేది ఉద్యోగం, కాగితం మీద మీరు ఆ సంఘంలో ఎవరూ కారు. చాలా కుటుంబ సంస్థల్లో ఇదే కథ. ఇంటి మనిషే కదా, ప్రత్యేకంగా చేర్చుకునేదేంటి అని సభ్యత్వం రిజిస్టరు పెట్టిన రోజున రాసిన ఏడు పేర్లతోనే ఉండిపోతుంది.

సొసైటీ అనేది మీ నాన్నగారి ఆస్తి కాదు, అర్థం చేసుకోండి. 2001 నాటి మన సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు కలిస్తేనే సొసైటీ పుడుతుంది, పుట్టాక దానికంటూ ఒక సొంత ఉనికి ఉంటుంది. స్థలం, బ్యాంకు డబ్బు, మంచాలు, చివరికి వంటింట్లో గ్రైండరుతో సహా సొసైటీవే. అధ్యక్ష పదవి సభ్యులు ఇచ్చేది. అది కొడుక్కీ రాదు, కూతురికీ రాదు. కాబట్టి మీ బాబాయిగారితో కూతుళ్ల హక్కుల గురించి గొడవ పడకండి, అక్కడ ఆ ప్రశ్నే లేదు. సభ్యులు ఎవర్ని ఎన్నుకుంటే వాళ్లు.

పవర్ ఆఫ్ అటార్నీ సంగతి. మీ కార్యదర్శిగారు మంచి మనసుతోనే చెప్పి ఉంటారు, కానీ అది ఇక్కడ పనికిరాదు. నాన్నగారు తన సొంత పొలం, సొంత పెన్షన్ ఖాతా చూసుకోమని ఇంకొకరికి రాసివ్వొచ్చు. సభ్యులు తనకి అప్పగించిన అధ్యక్ష పదవిని రాసివ్వలేరు. ఇంకో చిక్కు కూడా ఉంది: 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం రాసిచ్చిన మనిషి చనిపోయినా, మతిస్థిమితం కోల్పోయినా ఆ అధికారం అక్కడితో ఆగిపోతుంది. సరిగ్గా మనకి అవసరమైన రోజున చెల్లకుండా పోయే కాగితం అది.

మరేం చెయ్యాలి అంటే, రిజిస్ట్రేషన్ రోజున ఇచ్చిన బైలాస్, అంటే సంఘం నియమావళి, తీయండి. మీ దగ్గర కాపీ లేకపోతే జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీకి అర్జీ పెట్టుకోవచ్చు. అందులో నాలుగు విషయాలు వెతకండి: అధ్యక్షుడు లేనప్పుడు ఎవరు బాధ్యత తీసుకోవాలి, కార్యవర్గంలో ఖాళీ వస్తే ఎలా నింపాలి, కొత్త సభ్యుల్ని ఎవరు చేర్చుకోవాలి, మీటింగుకి ఎన్ని రోజుల నోటీసు, ఎంత కోరం (కనీసం ఎంతమంది హాజరు కావాలి). సాధారణంగా అధ్యక్షుడు లేనప్పుడు ఉపాధ్యక్షుడు సభ నడపాలని రాసి ఉంటుంది. అంటే మీ అమ్మగారు. ఆవిడకి ఏమీ తెలియదని పక్కన పెట్టకండి. ఇరవై ఏళ్లుగా ఆశ్రమంలో ఎవరికి చక్కెర వ్యాధి, ఎవరికి ఉప్పు తగ్గించాలి అన్నీ ఆవిడకే తెలిసి ఉంటాయి, ఒక అరగంట సభకి అధ్యక్షత వహించలేరా?

కార్యదర్శిగారి చేత నోటీసు ఇప్పించండి. ఎజెండా ఒక్కొక్కటీ విడిగా రాయాలి, "ఇతర విషయాలు" అన్న పేరు కింద అధ్యక్షుణ్ణి మార్చకూడదు. చేతికిచ్చి సంతకం తీసుకోండి, బాబాయిగారికి మాత్రం స్పీడ్ పోస్టులో కూడా పంపండి, ఎందుకంటే రేపు నాకు చెప్పలేదు అనే అవకాశం ఉన్నది ఆయనకే. మీటింగు నాన్నగారి గదిలోనే పెట్టండి. మంచం చుట్టూ నాలుగు కుర్చీలు వేసుకోండి. ఆయన సభ్యుడు, ఆయన హాజరు కోరంలో లెక్కకి వస్తుంది, అంతకంటే ముఖ్యం, ఆయన సంస్థ గురించి ఆయన లేకుండా మాట్లాడినట్టు ఉండదు.

నాన్నగారి రాజీనామా ఈ వ్యవహారం మొత్తానికీ ప్రాణం లాంటిది. ఆయనకి అర్థమవుతోందని మీరే రాశారు కాబట్టి ఇప్పుడే తీసుకోవాలి. ఇంకో స్ట్రోక్ వస్తే ఈ అవకాశం ఉండదు, కఠినంగా ఉన్నా చెప్పక తప్పదు. తెలుగులో నాలుగు లైన్లు రాయండి, పెద్దగా చదివి వినిపించండి, ఆయన ఒప్పుకున్నాక ఎడమచేతి బొటనవేలి ముద్ర వేయించండి. ఇంటివాళ్లు కాని ఇద్దరు సాక్షులుండాలి. ఆయన్ని చూస్తున్న డాక్టరు దగ్గర "విషయం అర్థం చేసుకోగల స్థితిలో ఉన్నారు" అని అదే తేదీతో ఒక సర్టిఫికెట్ తీసుకోండి. ఫోన్‌లో వీడియో తీసినా మంచిదే. రాజీనామా అడగడం అంటే నాన్నని తీసేయడం అనిపించి మీరు వెనకాడుతున్నారేమో. రోజూ పొద్దున్నే వణికే చేత్తో పెన్ను పట్టించి, బ్యాంకువాళ్లు తిప్పికొడితే మళ్లీ పెట్టించడం కంటే ఇదే ఆయనకి గౌరవం.

ఆ మీటింగులోనే కొత్త సభ్యుల్ని చేర్చుకోవాలి, బైలాస్ కార్యవర్గానికి ఆ అధికారం ఇచ్చి ఉంటే. మళ్లీ ఏడుకి తగ్గకుండా చూసుకోండి, తొమ్మిది పదిమంది అయితే ఇంకా మంచిది. మీరు, అన్నయ్య ఇష్టపడితే అన్నయ్య, ఇక మిగతావాళ్లు ఇంటి బయటివాళ్లే ఉండాలని నా గట్టి అభిప్రాయం. వారంవారం వచ్చి బీపీ చూసివెళ్లే డాక్టరు, రిటైరైన మాస్టారు, ఏటా బియ్యం ఇచ్చే మిల్లు యజమాని, ఇలాంటివాళ్లు ఉంటారు కదా. తర్వాత సర్వసభ్య సమావేశానికి నోటీసిచ్చి ఎన్నిక జరపండి. ఈలోపు బ్యాంకు కోసం ఉపాధ్యక్షురాలు, కార్యదర్శి కలిసి సంతకం పెట్టేలా కార్యవర్గం తీర్మానం చేయొచ్చు.

పాత తేదీతో మినిట్స్, అంటే సభలో జరిగినదాని రికార్డు, రాయొద్దు. ఎవరో ఒకరు మీకు ఈ సలహా ఇస్తారు, "పోయిన ఏడాదే మార్చినట్టు రాసేద్దాం" అని. అప్పటికి చనిపోయినవాళ్లు హాజరైనట్టు రాసిన పుస్తకాలు నేను కళ్లారా చూశాను.

బ్యాంకు గురించి నా అనుభవం చెప్తాను. మా మామగారు ఊళ్లో ఒక గ్రంథాలయ సంఘానికి చాలాకాలం అధ్యక్షులుగా ఉండి, ఆ పదవిలోనే పోయారు. ఫిక్స్‌డ్ డిపాజిట్ ఆయన సంతకం మీదుంది. మేం తీర్మానం పట్టుకెళ్లాం. మేనేజరు కొత్త కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్ దగ్గర దాఖలైనట్టు కాగితం తెమ్మన్నారు. అక్కడికెళ్తే ఆరేళ్లుగా జాబితాలే వేయలేదని తేలింది. చట్ట ప్రకారం ఏటా వేయాలి, మామగారు ఏటా సభ పెట్టేవారు, వచ్చినవాళ్లకి పులిహోర పెట్టేవారు, జాబితా మాత్రం పంపేవారు కాదు. ఆరేళ్లవీ తయారుచేసి, ఫీజులు కట్టి, డబ్బు చేతికొచ్చేసరికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ పద్నాలుగు నెలలూ పేపర్ల బిల్లు మేమే కట్టాం. అందుకే అడుగుతున్నా, మీవి ఏ సంవత్సరం దాకా దాఖలయ్యాయో రేపే కనుక్కోండి.

ఇంకోటి, చాలామందికి తట్టనిది. నాన్నగారి ఫోన్ నంబరు. సొసైటీ పాన్, ఇన్‌కమ్ ట్యాక్స్ లాగిన్, స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే ప్రభుత్వ దర్పణ్ పోర్టల్, బ్యాంకు మెసేజీలు అన్నీ ఆ నంబరుకే ముడిపడి ఉంటాయి. ఆ సిమ్ రీచార్జ్ ఆపకండి, ఫోన్ ఎక్కడో మూల పడేయకండి. ఎన్నిక అయ్యాక తీర్మానం ఆధారంగా ఒక్కొక్క చోటా నంబరు, సంతకందారు పేరు మార్పించండి. దాతలకి పన్ను రాయితీ ఇచ్చే 80జి, సంస్థకి పన్ను మినహాయింపు ఇచ్చే 12ఏ రిజిస్ట్రేషన్లు రద్దయిపోతాయేమో అని భయపడే వాళ్లున్నారు. అవి సొసైటీ పేరు మీద, సొసైటీ పాన్ మీద ఉంటాయి, అధ్యక్షులు మారినంత మాత్రాన పోవు. మీకు విదేశీ విరాళాల ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉంటే మాత్రం జాగ్రత్త, కీలక సభ్యులు మారిన సంగతి ఎఫ్‌సీ-6ఈ ఫారంలో 45 రోజుల్లోపు తెలియజేయాలి.

అన్నయ్య గురించి. డాలస్‌లో ఉన్న మనిషి ఇక్కడ అధ్యక్షుడైతే ప్రతి చెక్కుకీ, ప్రతి తనిఖీకీ ఆయన కోసం ఎదురుచూడాలి. వీడియోలో మీటింగు పెడతామంటారు, మీ బైలాస్‌లో ఆ మాట లేకపోతే దాని మీద ఆధారపడొద్దు. ఆయన వేరే విధంగా చాలా సాయపడగలడు, డబ్బు పంపగలడు, స్నేహితుల్ని కదిలించగలడు. అక్కడ కూడా ఒక తేడా తెలిసుండాలి: భారత పాస్‌పోర్టుతో అమెరికాలో ఉంటున్నవాళ్లు తమ సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు, అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ లేకుండా అది తీసుకోకూడదు. అన్నే కదా పంపింది అంటే కుదరదు.

కుటుంబంలోవాళ్లు బాధ్యత తీసుకోవడమే తప్పని నేననను. అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు మనకి తెలిసిందే కదా. ఆయన 2009 జూన్‌లో కన్నుమూశారు. ఆ తర్వాత సంస్థని ముందుకు నడిపింది ఆయన భార్య అన్నే ఫెర్రర్, కొడుకు మాంచో ఫెర్రర్ కూడా అందులోనే ఉన్నారు. వాళ్లు ఆయన పోయాక వచ్చి కుర్చీలో కూర్చున్నవాళ్లు కారు, అంతకుముందునుంచీ ఆ పనిలోనే ఉన్నవాళ్లు. ఇంకోవైపు హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి చూడండి, 1987లో దాన్ని మొదలుపెట్టిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు తాను ఉండగానే బాధ్యతని అదే సంస్థలో పనిచేసిన డాక్టర్ ప్రశాంత్ గర్గ్‌కి అప్పగించారు. రక్తసంబంధం ఉందా లేదా అన్నది కాదు, వచ్చే మనిషికి పని ముందే చేతిలో ఉందా అన్నది నేను చూస్తాను. ఆ లెక్కన మీ ఆశ్రమానికి మీరే సరైనవారని నాకనిపిస్తోంది.

కానీ మీరు జీతం తీసుకుంటున్నారు, అది మర్చిపోవద్దు. జీతం తీసుకునేవాళ్లు పదవిలో ఉండకూడదని కొన్ని బైలాస్‌లో ఉంటుంది. మీవాటిలో అలా ఉంటే రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి. లేకపోయినా, వ్యవస్థాపకుడి కూతురు కాబట్టి మీ జీతం చేసే పనికి తగినట్టే ఉందని ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లకి చూపించగలగాలి, ఎక్కువ ఉందనుకుంటే పన్ను మినహాయింపుకే ఎసరొస్తుంది. మీ జీతం గురించి చర్చ జరిగేటప్పుడు గదిలోంచి లేచి వెళ్లండి, వెళ్లినట్టు మినిట్స్‌లో రాయించండి. నన్నడిగితే, ఆ డాక్టరునో మాస్టారునో అధ్యక్షుణ్ణి చేసి మీరు జీతంతో మేనేజరుగా, పూర్తి అధికారాలు తీర్మానంలో రాయించుకుని కొనసాగినా ఆశ్రమానికి ఏ నష్టమూ లేదు. మీ బాబాయిగారి అభ్యంతరం కూడా దాంతో తీరిపోవచ్చు.

ప్రశ్న: మా తాతగారు సేవా ట్రస్టు పెట్టారు. ట్రస్టు పత్రంలో, అంటే డీడ్‌లో, ఆయనే జీవితకాలం మేనేజింగ్ ట్రస్టీ. ఇప్పుడు మతిమరుపు ముదిరి మమ్మల్నే గుర్తుపట్టడం లేదు. తర్వాత ఎవరు అన్నది డీడ్‌లో లేదు. ఇద్దరు ట్రస్టీలు ఉన్నారు. ఆయన చేత రాజీనామా వేలిముద్ర వేయించవచ్చా?
ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: వద్దండీ. పై ఉత్తరంలో ఆ నాన్నగారికి అర్థమవుతోంది, మీ తాతగారికి అర్థం కావడం లేదు, తేడా అదే. తెలియని మనిషి వేలిముద్ర చెల్లదు, పైగా మీమీద కేసు అవుతుంది. ట్రస్టుకి సొసైటీ చట్టం వర్తించదు, ఇక్కడ డీడే సర్వం. తర్వాత ఎవరు అన్నది లేకపోయినా, ఖాళీ వస్తే మిగతా ట్రస్టీలు కొత్తవారిని తీసుకోవచ్చనో, ట్రస్టీ అశక్తుడైతే తొలగినట్టేననో ఎక్కడో ఒక వాక్యం ఉండే అవకాశం ఉంది, ఆఖరి పేజీ దాకా చదవండి. ఉంటే డాక్టరు సర్టిఫికెట్ జతచేసి ఆ ఇద్దరూ తీర్మానం చేసుకోవచ్చు. లేకపోతే కోర్టుకి వెళ్లాలి. ప్రజల కోసం పెట్టిన ట్రస్టు అయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద, దానితో సంబంధం ఉన్న కనీసం ఇద్దరు, కోర్టు అనుమతి తీసుకుని కొత్త ట్రస్టీని నియమించమని అడగొచ్చు. సేవా సంస్థలకి కూడా 1987 నాటి దేవాదాయ ధర్మాదాయ చట్టం వర్తించే సందర్భాలున్నాయి, అది కూడా చూడమని లాయరుగారికి చెప్పండి. తాతగారికి అన్నీ గుర్తున్నప్పుడే, ఓ పదేళ్ల క్రితం ఒక అనుబంధ డీడ్ రాయించి ఉంటే ఒక పేజీతో పోయేది. ఈ కాలమ్ చదువుతున్న మేనేజింగ్ ట్రస్టీలు ఎవరైనా ఉంటే దయచేసి ఈ వారమే మీ డీడ్ తీసి చూడండి.

ప్రశ్న: అధ్యక్షులుగా ఉన్న మా పెదనాన్న చనిపోయాక ఇద్దరు అన్నలు చెరో కమిటీ వేసుకుని రిజిస్ట్రార్ దగ్గర చెరో జాబితా ఇచ్చారు. బ్యాంకు ఖాతా ఆపేసింది. హాస్టల్లో నలభై మంది పిల్లలున్నారు. రిజిస్ట్రారే తేల్చరా?
ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఏ కమిటీ అసలైనదో తేల్చేది ఆయన కాదమ్మా. 2001 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం 23వ సెక్షన్ ప్రకారం సభ్యులు ఎవరైనా మధ్యవర్తిత్వానికి వెళ్లొచ్చు, లేదా జిల్లా కోర్టులో దరఖాస్తు పెట్టొచ్చు. మీరు సభ్యురాలైతే మీరే పెట్టొచ్చు, అన్నల్లో ఒకరి పక్షం తీసుకోనక్కర్లేదు. అసలు తీర్పు వచ్చేలోపు పిల్లల భోజనం, కరెంటు, వార్డెన్ల జీతాల వరకు ఖాతా నడపడానికి మధ్యంతర ఉత్తర్వు అడగమని మీ లాయరుకి చెప్పండి, అడిగేటప్పుడు గత ఆరు నెలల కిరాణా బిల్లులు, కరెంటు బిల్లులు, జీతాల రిజిస్టరు జతచేయండి. ఈలోపు కిరాణా కొట్టులో అప్పు పెడితే ఆ చీటీల మీద హాస్టల్ పేరు రాయించండి, మీ పేరు కాదు.